ఏడో గడి

మా శాఖలో ఒక నియమం ఉంది. ఉపాధ్యాయుడు తన సొంత డబ్బుతోనైనా సరే, ఒక స్థాయికి మించిన వెల గల వస్తువు కొనాలంటే ముందుగా పైవారి అనుమతి తీసుకోవాలి. ఈ నియమం ఉందని మా డివిజన్‌లో పన్నెండు వందల మంది ఉపాధ్యాయులకూ తెలుసు. చాలామంది కొంటారు గానీ అడగరు. కొందరు కొన్నాక అడుగుతారు. కొనకముందు అడిగినవాణ్ణి నేనొక్కణ్ణే. ఇది గొప్పకు చెప్పడం లేదు. పూర్తిగా చదివితే ఆ సంగతి మీకే తెలుస్తుంది.

నా పేరు దొంతంశెట్టి లింగేశ్వర్రావు. పెదలంకపాడు ఉన్నత పాఠశాలలో తెలుగు చెబుతాను. ఇరవై ఆరేళ్లుగా ఎనిమిదో తరగతి వాళ్లకు లేఖారచన నేర్పుతున్నాను. విషయం సూటిగా రాయాలి, అక్కర్లేని మాట ఒక్కటీ ఉండకూడదు, అబద్ధం అసలే ఉండకూడదు. నా విద్యార్థుల్లో ఎవరూ ఈ మూడూ పాటించిన దాఖలా లేదు. వాళ్లంతా జీవితంలో బాగా స్థిరపడ్డారు.

నేను కొనాలనుకున్నది ఒక లాప్‌టాప్. అది నాకోసం కాదు, నా భార్య హైమకు.

హైమ మేడ మీద పాత పెయింటు డబ్బాల్లో వంగ, మిరప, గుమ్మడి పెంచేది. జబ్బు చేశాక డాక్టరు మెట్లెక్కవద్దన్నాడు. మొక్కలు ఒక్కొక్కటే ఎండిపోయాయి. అప్పుడు వాళ్ల అక్క కూతురు చూడ్డానికి వచ్చి, మా ఇంట్లో ఉన్న తొమ్మిదేళ్లనాటి లాప్‌టాప్‌లో ఒక ఆట ఎక్కించి వెళ్లింది. అందులో చిన్న పొలం ఉంటుంది. దున్నుకోవాలి, విత్తుకోవాలి, నీళ్లు పోసుకోవాలి. హైమ మంచం మీద దిండ్లకు ఆనుకుని రోజూ ఒక గంట వ్యవసాయం చేసేది.

ఒకరోజు బడి నుంచి వచ్చేసరికి పిలిచింది.

"ఏవండీ, మళ్లీ వాన పడుతోంది."

కిటికీలోంచి చూశాను. ఎండ మాడుస్తోంది.

"బయట కాదండీ, ఇక్కడ."

తెర మీద సన్నటి నీలం గీతలు అడ్డంగా నిలబడిపోయి ఉన్నాయి. వాన మధ్యలో ఆగిపోయింది.

"వాన పడితే చాలు, ఇది బిగుసుకుపోతోంది. మా ఊళ్లో వారానికి రెండు వానలు. ఇంక నేను గుమ్మడికాయలు ఎప్పుడు కోసేది?"

"ఆ ఆటేదో మాని కాస్త పడుకోకూడదూ?"

"మేడ ఎక్కొద్దన్నారుగా" అంది.

ఆమె తెర మీద ఒక మూల చూపించింది. అక్కడ గోధుమరంగు మచ్చ ఒకటి ఉంది.

"వీడు కుక్క. పాలివ్వడు, గుడ్డు పెట్టడు, కనీసం కాపలా కూడా కాయడు. నేనెక్కడికెళితే అక్కడికి వెనకాలే వస్తాడు. వీడికో పేరు పెట్టాను."

"ఏం పేరు?"

వంగి చూశాను. ఆ పాతదాని మీద ఆట నడవాలంటే బొమ్మల నాణ్యత బాగా తగ్గించాల్సి వచ్చేది. అక్షరాలన్నీ అలుక్కుపోయి ఉన్నాయి.

"చెప్పను. మంచి మిషను కొనండి, మీరే చదువుకుందురు గాని" అంది నవ్వుతూ.

మర్నాడే బస్టాండు ఎదురుగా ఉన్న నాగమణి గారి కంప్యూటర్ల షాపుకి వెళ్లాను. ఆవిడకి యాభై ఏళ్లుంటాయి. చెవి వెనక పెన్ను బదులు స్క్రూడ్రైవరు పెట్టుకుంటారు.

"ఆట కోసమాండీ? ఏం ఆట? కార్లు, తుపాకులు ఉంటాయా?"

"వంకాయలుంటాయి."

ఆవిడ నన్ను ఒకసారి ఎగాదిగా చూసి, స్టూలు చూపించారు. "అయితే మీకు విడిగా గ్రాఫిక్స్ కార్డున్న మిషను అక్కర్లేదండి. దానికి రేటెక్కువ, వేడెక్కువ, బరువెక్కువ. మంచం మీద పెట్టుకుని ఆడేవాళ్లకి ఒళ్లు కాలిపోద్ది. ప్రాసెసర్లోనే గ్రాఫిక్స్ కలిసొచ్చేవి ఉంటాయండి. పాతవాటిల్లో అది పేరుకే. ఇప్పుడొచ్చేవాటిల్లో గట్టిది, మీ వంకాయలకి చాలినంత. ఒక్కటి మాత్రం చూసుకోండి. దానికి సొంత మెమరీ ఉండదు, ఇంటి మెమరీలోంచే తింటది. పదహారు జీబీ ఉండాలి. అది కూడా ఒకే ముక్కగా వేస్తే ఒంటెద్దు బండండి. ఎనిమిదీ ఎనిమిదీ రెండు ముక్కలుగా వేస్తే జోడెడ్లు. వానొచ్చినా బండి ఆగదు."

నాకు ఇంత స్పష్టంగా పాఠం చెప్పినవాళ్లు నా సర్వీసులో లేరు. నలభై నాలుగు వేలన్నారు. మా శాఖ నియమం చెప్పిన స్థాయి దాటుతోంది.

"కట్టించెయ్యమంటారా?"

"అనుమతి రావాలండి."

"ఎవరి అనుమతండీ? ఇంట్లోవాళ్లదా?"

"శాఖది."

"శాఖ డబ్బులాండీ?"

"నావే."

నాగమణి గారు స్క్రూడ్రైవరు తీసి మళ్లీ పెట్టుకున్నారు. "ఒకటి పక్కన పెట్టుంచుతాను. తొందరగా రండి మాస్టారూ" అన్నారు.

దరఖాస్తులో పదకొండు గడులు. ఏడో గడి: కొనుగోలు ఉద్దేశం. నేను అందులో 'ఇంట్లో తేలికపాటి ఆట ఆడుకొనేందుకు' అని రాసి, ప్రధానోపాధ్యాయురాలు ఎస్తేరు రాణి గారికి ఇచ్చాను. ఆవిడ చదివి కళ్లద్దాలు తీశారు.

"మాస్టారూ, ఏడో గడిలో అందరూ పాఠ్య ప్రణాళికల తయారీ అనే రాస్తారండి. మన సోషల్ మాస్టారు వాషింగ్ మెషిను కొన్నాక కూడా అదే రాసి పంపారు."

"నేను ప్రణాళికలు చేత్తో రాస్తాను మేడమ్. అలా రాస్తే అబద్ధమవుతుంది."

"అవుతుంది. అయితే ఏంటి?"

ఆవిడ గొంతు తగ్గించారు.

"ఇంట్లో ఎలా ఉందండీ ఆవిడకి?"

"అలాగే ఉందండి."

"ఆ సంగతైనా రాయొచ్చు కదా. నా భార్యకి బాగాలేదు, ఆవిడ కోసం అని."

"అది పరిస్థితి మేడమ్. ఉద్దేశం కాదు. గడిలో ఉద్దేశం అడిగారు."

ఎస్తేరు రాణి గారు కళ్లద్దాలు మళ్లీ పెట్టుకుని, సంతకం పెట్టి, "ప్రభువు మిమ్మల్ని కాపాడు గాక" అన్నారు. మామూలుగా ఆవిడ బడిలో ప్రార్థన చెయ్యరు.

నలభై రోజులకు ఉప విద్యాధికారి కార్యాలయం నుంచి మొదటి మెమో వచ్చింది.

'సూచికలోని దరఖాస్తును పరిశీలించడమైనది. దరఖాస్తుదారు ఏడవ గడియందు వాడిన "తేలికపాటి" అను పదము నిర్వచింపబడియుండలేదు. దేనితో పోల్చగా తేలిక అను విషయమును విశదపరచుచు వారము దినములలోగా వివరణ సమర్పించవలసినదిగా ఆదేశించడమైనది.'

నిజం చెప్పాలంటే నాకు కోపం రాలేదు. ఒక పదానికి నిర్వచనం అడిగిన మొదటి పై అధికారి ఈయనే అనిపించింది. రెండు పేజీలు రాశాను. ఆట మనసుకు భారం కాకపోవడం, యంత్రానికి భారం కాకపోవడం, ఇరుగుపొరుగుకు భారం కాకపోవడం అని మూడు భాగాలు చేశాను. ముగింపు బాగా కుదిరింది. హైమకు చదివి వినిపించాను.

"చాలా బావుందండీ" అంది కళ్లు మూసుకుని. "మరి ఇది చదివితే వాన కదులుతుందా?"

రెండో మెమోలో రోజువారీ ఆట సమయం, ఆడువారి సంఖ్య, గెలుపోటముల వివరాలు అడిగారు. గెలుపోటములు లేవు, పంట మాత్రమే ఉంటుంది అని రాశాను. గెలుపోటములు లేనిదానిని ఆటగా పరిగణించవచ్చునా, లేక వ్యవసాయముగా పరిగణించవలెనా అని మూడో మెమో వచ్చింది. వ్యవసాయమైతే ఉపాధ్యాయుడికి అదనపు వృత్తి ఉన్నట్టు లెక్క. దానికి వేరే అనుమతి కావాలి. వంకాయలు తినడానికి పనికిరావని రాసి పంపాను.

నాలుగో మెమో చదివి మాత్రం బస్సెక్కి కార్యాలయానికి వెళ్లాను. గ్రాఫిక్స్ వేరు వస్తువు కనుక దాని విలువ వేరుగా చూపవలెనని అందులో ఉంది.

సీనియర్ అసిస్టెంటు గుబ్బల వీర్రాజు నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు. ఆ కార్యాలయంలో నా పేరు అప్పటికే అందరికీ తెలుసు.

"రండి రండి మాస్టారండీ. ఏడో గడి మాస్టారు మీరేనా?"

"నేనే. గ్రాఫిక్స్ వేరుగా లేదు వీర్రాజు గారూ. ప్రాసెసర్లో కలిసే ఉంటుంది."

"కలిసుంటే మరీ చిక్కండి. అన్నదమ్ములు కలిసున్నా కాయితం మీద ఎవరి వాటా వారిది రాయాలా, వద్దా?"

"అన్నదమ్ములు విడిపోగలరు. ఇవి విడిపోవు."

"విడిపోవని ఎవరన్నారండీ?"

"అమ్మేవాళ్లే."

"మాటంటే చెల్లదు కదండీ. విడిపోవని కాయితం పట్రండి. ముద్రుండాలి."

నాగమణి గారు కాగితం రాసిచ్చారు. 'ఈ రెండూ తయారీలోనే ఒకటిగా పుట్టినవి, విడదీసినచో రెండూ పనిచేయవు' అని షాపు ముద్ర కొట్టారు.

"ఇరవై ఏళ్ల నుంచి ఈ యాపారం చేస్తన్నానండి" అన్నారు. "రెండూ విడిపోవని సర్టిఫికెట్టు అడిగింది మీరొక్కరే. మేడమ్ గారికెలాగుందండీ?"

"ఇప్పుడు ఆటకి అరగంటే కూర్చుంటోందండి."

"మీకోసం పక్కనెట్టింది ఆర్నెల్లయిందండి. ఆ మోడలు రావడం మానేసింది. దాని తరవాతది కూడా వచ్చేసింది. పట్టుకెళ్లిపోండి మాస్టారూ. ఎవరు చూడొచ్చారు?"

"నేను చూస్తాను కదండీ" అన్నాను. ఆ మాట అన్నందుకు ఆ రోజు నాలో నేను కొంచెం సంతోషించాను. దాచడం దేనికి?

ఇంతలో కార్యాలయానికి కొత్త ఉప విద్యాధికారి వచ్చారు. పేరు పట్టాభిరామయ్య గారు. ఆయన నా ఫైలు పూర్తిగా చదివారట. చదివి నన్ను పిలిపించారు. గదిలోకి వెళ్లగానే చెయ్యి కలిపారు. నా సర్వీసులో పై అధికారి చెయ్యి తగలడం అదే మొదలు.

"లింగేశ్వర్రావు గారూ, మీరు రాసిన ఏడో గడి ఒక చారిత్రక పత్రం. ఈ డివిజన్‌లో ఇన్నేళ్లుగా ఏ ఉపాధ్యాయుడూ ఆట కోసం అని రాయలేదు. దీన్నిబట్టి ఏం అర్థమవుతోంది?"

"ఎవరూ నిజం రాయలేదని అండి."

"కాదు. ఉపాధ్యాయ లోకంలో ఉల్లాసం లోపించిందని! ఉల్లసించని ఉపాధ్యాయుడు ఉత్తమ ఫలితాలను సాధింపజాలడు. అందుచేత 'ఉల్లాస ఉపాధ్యాయ' అను బృహత్తర కార్యాచరణకు ఈ కార్యాలయం శ్రీకారం చుట్టబోతోంది. ప్రతి శనివారం ప్రతి ఉపాధ్యాయుడూ విధిగా అరగంట తేలికపాటి ఆట ఆడాలి. నిర్వచనం మీదే వాడుకుంటున్నాం. చాలా బావుంది."

"సంతోషమండి. నా అనుమతి..."

"అనుమతి చిన్న విషయం. మీరు స్ఫూర్తి!"

స్ఫూర్తి అయినవాడి ఫైలు మామూలు ఫైళ్లతో పాటు కదలకూడదట. దాన్ని 'మాదిరి ఫైలు'గా గుర్తించి, నకళ్లు తీయించి, అసలును పై కార్యాలయానికి పంపారు. అది తిరిగొచ్చేదాకా దాని మీద ఎవరూ సంతకం పెట్టడానికి వీల్లేదు. నకళ్ల మీద మెమోలు మాత్రం వస్తూనే ఉన్నాయి.

ఉల్లాసం ఆషాఢంలో మొదలైంది. మూడు రోజుల శిక్షణ ఇచ్చారు. ఉదయం తొమ్మిదిన్నరకు హాజరు, ఆలస్యమైతే ఉల్లాసంలో సగం రోజు కోత. మొదటి రోజు నా రెండు పేజీలను నాచేతే పాఠంగా చెప్పించారు. రెండో రోజు ఫోన్లలో ఒక యాప్ ఎక్కించారు. ప్రతి శనివారం ఆట ఆడాక, చిరునవ్వుతో ఫోటో తీసి అందులో పెట్టాలి. పళ్లు కనీసం నాలుగు కనిపించకపోతే యాప్ తిప్పికొడుతుంది. మూడో రోజంతా ఆ నాలుగు పళ్ల మీదే గడిచింది.

ఉపాధ్యాయులు నన్ను ఏమీ అనలేదు. నేను స్టాఫ్ రూములోకి వస్తే లేచి బయటికి వెళ్లేవారు, అంతే. లెక్కల మాస్టారికి ముందు పళ్లు రెండు లేవు. ఆయన ఐదు శనివారాలు వరసగా తిరస్కరణకు గురై, చివరికి పక్క బడి మాస్టారి నవ్వు పెట్టి పట్టుబడ్డారు. ఎస్తేరు రాణి గారికి తాఖీదు వచ్చింది. పాఠశాల సగటు చిరునవ్వు మండల సగటు కన్నా తక్కువట.

"మాస్టారూ" అన్నారు ఆవిడ తాఖీదు చూపిస్తూ, "వాషింగ్ మెషినుకి ఇదంతా జరగలేదండీ."

నేను శనివారాల్లో హైమ పక్కన కూర్చుని ఫోటో తీసుకునేవాణ్ణి. నా నవ్వు చూసి ఆమె నవ్వేది. "అదేం నవ్వండీ, పళ్ల డాక్టరు దగ్గర కూర్చున్నట్టు" అనేది. అప్పటికి ఆమె ఆట పది నిమిషాలకు తగ్గింది. వాన వస్తే మూత వేసి, "రేపు తెరిపి ఇస్తుందేమో" అనేది.

ఏడో మెమోకూ ఎనిమిదో మెమోకూ మధ్య హైమ పోయింది. శనివారం.

ఆ పైవారం కాక మళ్లీ వారం నాకొక నోటీసు వచ్చింది. 'గత రెండు శనివారములు మీ చిరునవ్వు నమోదు కాలేదు. కారణము తెలుపవలెను.' కింద ఒక గడి ఉంది. అందులో 'భార్య మరణం' అని రాశాను. ఇది కారణమే, పరిస్థితి కాదు అని ఒకటికి రెండుసార్లు సరిచూసుకుని రాశాను.

దానికి జవాబుగా ప్రగాఢ సానుభూతి తెలుపుతూ మెమో వచ్చింది. సానుభూతి ఒక వాక్యం. రెండో వాక్యంలో, కర్మకాండలు ముగిసిన పిదప పూర్తిస్థాయి చిరునవ్వు కాకపోయినను తేలికపాటి చిరునవ్వుకు అవకాశము కలదేమో పరిశీలించి, సుమారు తేదీ తెలియజేయవలెనని ఉంది. తేలికపాటి అనే మాట కింద గీత గీసి, నా నిర్వచనం పేజీ నంబరు వేశారు.

ఒక ఆదివారం పాత లాప్‌టాప్ తెరిచాను. అంతకుముందు నేనెప్పుడూ ఆ ఆట సొంతంగా తెరవలేదు. ఆమె చివరిసారి ఆపిన చోట వాన పడుతోంది. నీలం గీతలు అడ్డంగా నిలబడ్డాయి. వాటి వెనక ఇల్లుందో, పొలముందో, గుమ్మడి పాదులున్నాయో తెలియలేదు. మూల గోధుమరంగు మచ్చ ఉంది. అలా చేస్తే ఒక్కోసారి కదులుతుందని హైమ అనేది, మూసి మళ్లీ తెరిచాను. మళ్లీ అక్కడే. ఆ వాన దాటితే తప్ప అందులోకి వెళ్లడానికి దారి లేదు. ఆ పాత యంత్రం ఆ వాన దాటలేదు.

నాగమణి గారి దగ్గరికి తీసుకెళ్లాను. ఆవిడ పొలాన్ని జాగ్రత్తగా ఒక పెన్‌డ్రైవ్‌లోకి తీశారు.

"పొలం భద్రంగా ఉందండి. కానీ ఇది తెరవాలంటే బలమున్న మిషను కావాలి. ఇప్పుడైనా పట్టుకెళ్లండి మాస్టారూ. ఇంకెవరి కోసమండీ అనుమతి?"

నేను వద్దన్నాను. మొండితనం అనుకుని ఉంటారు. అసలు సంగతి వేరు. ఆమె బతికి ఉండగా పాటించిన నియమాన్ని ఆమె పోయాక పక్కన పెడితే, ముందే పక్కన పెట్టి ఉండవచ్చునని ఒప్పుకున్నట్టవుతుంది. అది ఒప్పుకునే ధైర్యం నాకు లేదు. నియమం గొప్పదైతే నేను నిజాయితీపరుణ్ణి. కాకపోతే నేనేమిటో రాయడానికి నా దగ్గర తగిన మాట లేదు.

దరఖాస్తు పెట్టిన పద్నాలుగో నెలలో ఫైలు పై కార్యాలయం నుంచి తిరిగొచ్చింది. వీర్రాజు ఆఖరి మెమో పట్టుకుని తనే బడికి వచ్చాడు. టపాలో పంపవలసింది. విరామ సమయంలో సైకిళ్ల షెడ్డు దగ్గర నిలబడి ఇచ్చాడు.

'తేలికపాటి ఆట ఆడుట ప్రస్తుతము శాఖాపరమైన విధులలో అంతర్భాగమైనది. విధి నిర్వహణకు ఉపయోగించు పరికరమును ఉద్యోగి సొంత ధనముతో కొనుట నిబంధనలకు విరుద్ధము. కావున అనుమతి నిరాకరించడమైనది.'

రెండుసార్లు చదివాను. తర్కంలో తప్పు దొరకలేదు.

వీర్రాజు చేతిరుమాలుతో మెడ తుడుచుకున్నాడు. "మాస్టారండీ, ఒక్క మాట అడగొచ్చా? నోటీసుకి మీరిచ్చిన జవాబు నేనే ఫైల్లో పెట్టానండి. మేడమ్ గారు మంచం మీదున్నారని, ఆవిడ కోసమని ఆ ఏడో గడిలో ఒక్క ముక్క రాసి ఉంటే, మర్నాడే సంతకమయ్యేదండి. మేమూ పెళ్లాం బిడ్డలున్నోళ్లమే కదండీ. ఎందుకు రాయలేదు?"

"అది పరిస్థితి అనుకున్నాను వీర్రాజు గారూ."

"మరి ఉద్దేశం ఏంటండీ?"

ఇరవై ఆరేళ్ల లేఖారచనలో నన్ను ఎవరూ అడగని ప్రశ్న అది. ఆట ఉద్దేశం కాదు. లాప్‌టాప్ ఉద్దేశం కాదు. ఆమె మంచం మీద కూర్చుని నవ్వుతూ గుమ్మడికాయలు కోయడం ఉద్దేశం. అది నాలుగు మాటల్లో ఏడో గడిలో సుఖంగా పట్టేది. నేను ఆ గడిలో అన్ని పదాలూ జాగ్రత్తగా ఎంచి, ఆమెను బయట వదిలేశాను.

"కొత్త దరఖాస్తు ఉందాండీ?" అన్నాను.

అతను సంచిలోంచి తీశాడు. తెచ్చే ఉంచుకున్నాడు. నేను సైకిలు సీటు మీద పెట్టి నింపాను. ఏడో గడి దగ్గర ఆగాను. తర్వాత గుండ్రటి అక్షరాలతో 'పాఠ్య ప్రణాళికల తయారీ నిమిత్తం' అని రాశాను. చేతిరాత చెదరలేదు. వీర్రాజు దాని మీద ఎస్తేరు రాణి గారి సంతకం పెట్టించుకుని పదకొండున్నర బస్సెక్కాడు. మధ్యాహ్నం రెండున్నరకు ఫోన్ చేశాడు.

"అయిపోయిందండి. సారు చదవకుండానే పెట్టేశారు."

నిజానికి పద్నాలుగు నెలలు పట్టింది. అబద్ధానికి మూడు గంటలు, అందులో బస్సు ప్రయాణం గంటన్నర.

నాగమణి గారు కొత్తదాంట్లో పొలం ఎక్కించి, మెమరీ రెండు ముక్కలుగా ఉందో లేదో వెనక మూత విప్పి నాకు చూపించి మరీ ఇచ్చారు. "జోడెడ్లండి" అన్నారు.

అది ఆ తర్వాతి శనివారం. మధ్యాహ్నం బడి అయ్యాక ఇంటికి తెచ్చి, హైమ కూర్చునే చోట దిండ్లకు ఆనుకుని తెరిచాను.

వాన పడుతోంది. ఆగలేదు. సన్నటి నీలం గీతలు జారుతున్నాయి, రేకు కప్పు మీద చిట్లుతున్నాయి, చాళ్ల వెంట పారుతున్నాయి. వాటి వెనక ఇల్లు కనిపించింది. గుమ్మం ముందు నాలుగు చాళ్లలో గుమ్మడికాయలు పండి ఉన్నాయి. కోయలేదు. గుమ్మం దగ్గర ఆమె బొమ్మ, నెత్తిన గడ్డి టోపీ పెట్టుకుని నిలబడి ఉంది. ఆ ఊళ్లో మనిషి నిద్రపోతే గానీ రోజు మారదు. ఆమె నిద్రపోలేదు కాబట్టి అక్కడ ఇంకా అదే రోజు.

ఆమె వెనక రెండడుగుల దూరంలో గోధుమరంగు కుక్క వానలో తడుస్తూ నిలబడి ఉంది. లోపలికి పోవడం తెలియనట్టుంది. దాని తల మీద పేరు ఉంది. ఈసారి అక్షరాలు అలుక్కుపోలేదు. స్పష్టంగా, తప్పు లేకుండా ఉంది.

మాస్టారు.

నేను నవ్వాను. ఎన్ని పళ్లు కనిపించాయో తెలియదు. ఎంతసేపు నవ్వానో, అది ఎప్పుడు వేరేగా మారిందో కూడా తెలియదు. ఫోటో తీయాలని తోచలేదు. సాయంత్రం దాకా ఆమెను నడిపించుకుంటూ చాళ్ల మధ్య తిరిగాను. కుక్క వెనకాలే వచ్చింది. ఒక్క కాయా కోయలేదు. ఆమెను నిద్రపుచ్చలేదు.

మంగళవారం నోటీసు వచ్చింది. గత శనివారం నా చిరునవ్వు నమోదు కాలేదట. కారణము తెలుపవలెను.

గడిలో 'వాన' అని రాసి పంపాను.

తేలికపాటిదా, భారీదా అని ఇంతవరకూ ఎవరూ అడగలేదు.